ఆసుపత్రి గోడలు కూలాక: నెట్లీ జ్ఞాపకాలు, స్త్రీల శ్రమ

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేనేమో 1966లో ఇంగ్లండులో కూల్చేసిన ఒక మిలటరీ ఆసుపత్రి గురించి మాట్లాడబోతున్నాను. మన పి.హెచ్.సి.లో డాక్టరు లేక, లేబర్ రూములో నీళ్ళు లేక మనం సతమతమవుతుంటే ఎక్కడో కూలిపోయిన ఆసుపత్రితో మనకేం పని అని మీలో కొందరికైనా అనిపించవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. నా జవాబు చివరలో చెబుతాను. అంతవరకు కాస్త ఓపిక పట్టమని కోరుతున్నాను.

ఆ ఆసుపత్రి పేరు రాయల్ విక్టోరియా ఆసుపత్రి. దక్షిణ ఇంగ్లండులో, సౌతాంప్టన్ రేవుపట్నానికి దగ్గర్లో నెట్లీ అనే చిన్న ఊరు ఉంది. సముద్రపు పాయ ఒడ్డున, పచ్చిక బయలు మధ్య ఆ ఆసుపత్రి ఉండేది. ఇప్పుడక్కడ ఒక పెద్ద పార్కు ఉంది. ఆదివారాలు పిల్లల్ని తీసుకుని జనం వస్తారు. పచ్చిక మధ్య గుమ్మటం ఉన్న ఒక కట్టడం ఒంటరిగా నిలబడి ఉంటుంది. అది ఆసుపత్రిలోని చాపెల్, అంటే ప్రార్థనా మందిరం. మిగతాదంతా కూల్చి దాన్ని మాత్రం ఉంచారు. ఒక సదస్సు కోసం ఆ ప్రాంతానికి వెళ్ళినప్పుడు నేను దాని ముందు నిలబడి అటూ ఇటూ చూశాను. ఎడమవైపు పచ్చిక, కుడివైపు పచ్చిక. ఆ రెండు వైపులా కలిపి దాదాపు పావు మైలు పొడవున ఒకే భవనం ఉండేదంటే నమ్మడం కష్టమే.

రాణిగారి ఆసుపత్రి

క్రిమియా యుద్ధంలో (1853–56) బ్రిటిష్ సైనికులు తుపాకి గుళ్ళకంటే కలరా, విరేచనాలు, టైఫస్ లాంటి రోగాలకే ఎక్కువమంది చనిపోయారు. ఈ సంగతి పత్రికల్లో వచ్చి పెద్ద అలజడి అయింది. సైన్యానికి ఒక పెద్ద ఆసుపత్రి కట్టాలన్న నిర్ణయం అందులోంచి వచ్చింది. 1856 మే 19న విక్టోరియా రాణి స్వయంగా వచ్చి శంకుస్థాపన చేసింది. పునాదిరాయి కింద ఒక రాగిపెట్టెలో భవనం ప్లాన్లు, నాణేలు, క్రిమియా పతకం, అప్పుడే కొత్తగా ఏర్పాటు చేసిన విక్టోరియా క్రాస్ పతకం ఒకటి పెట్టారు. 1863లో రోగుల్ని చేర్చుకోవడం మొదలైంది. 138 వార్డులు, సుమారు వెయ్యి పడకలు. ప్రపంచంలోకెల్లా పొడవైన భవనం ఇదేనని ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకునేవారు.

ఈ భవనాన్ని మొట్టమొదట గట్టిగా వ్యతిరేకించింది ఒక స్త్రీ. ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా నుంచి తిరిగి వచ్చేసరికి శంకుస్థాపన అయిపోయింది. ప్లాన్లు చూసి ఆమె ఇది ఆసుపత్రికి పనికిరాదని చెప్పింది. కారణం చాలా తేలికగా అర్థమయ్యేదే. సముద్రం వైపు, ఎండా గాలీ తగిలే వైపు పొడవాటి వరండాలు పెట్టారు. రోగులుండే వార్డుల్ని వెనకవైపు, నీడలో పెట్టారు. వార్డుకు రెండువైపులా కిటికీలుండి గాలి ఆడాలని, వార్డులు విడివిడిగా ఉండాలని, ఒక వార్డులో గాలి మరో వార్డులోకి పోకూడదని ఆమె వాదించింది. ప్రధానమంత్రి పామర్‌స్టన్‌ను కలిసి ఒప్పించింది కూడా. నీళ్ళమీద పోయే ఓడల్లోంచి చూడటానికి అందంగా ఉండాలని రోగుల సుఖాన్ని బలిచేశారని ఆయన తన యుద్ధమంత్రికి రాశాడు. అయినా అప్పటికే డెబ్బై వేల పౌండ్లు ఖర్చయిందని, ఇప్పుడిక మార్చలేమని సమాధానం వచ్చింది. చిన్న చిన్న మార్పులతో భవనం అలాగే లేచింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ప్రధానమంత్రి ఒప్పుకున్నా ప్లాను మారలేదు. ఎందుకంటే ఆసుపత్రి అనేది రోగికోసం కడుతున్నట్టు కనిపించినా, కట్టించేవాళ్ళ ప్రతిష్ఠ కోసం కడతారు. మన జిల్లా కేంద్రాల్లో ముందువైపు గ్రానైటు, అద్దాలు పెట్టి, వెనకవైపు కాన్పుల వార్డుకు వెళ్ళే దారిలో మురుగునీళ్ళు నిలబెట్టిన భవనాల్ని మీరందరూ చూసే ఉంటారు. నెట్లీని అర్థం చేసుకోవడానికి మనకు ఇంగ్లండు వెళ్ళాల్సిన అవసరమేమీ లేదు.

ఆ ఊరి జ్ఞాపకాల్లో ఏముంది

ఆసుపత్రి దాదాపు వందేళ్ళు నడిచింది. 1900లో బోయర్ యుద్ధ కాలంలో గాయపడ్డవాళ్ళ రైళ్ళు నేరుగా ఆసుపత్రి వెనకవరకు రావడానికి పట్టాలు వేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెనక ఉన్న మైదానంలో చెక్క షెడ్లు వేసి రెడ్‌క్రాస్ ఆసుపత్రి నడిపారు. 1914 చివర్లో ఫ్రాన్సు యుద్ధరంగం నుంచి తెచ్చిన భారతీయ సైనికులు కూడా అక్కడ చికిత్స పొందారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో అమెరికన్ సైన్యం ఆసుపత్రిని స్వాధీనం చేసుకుంది. ఆ పొడవాటి వరండాల్లో అమెరికన్ సైనికులు జీపులు నడిపేవారని ఆ ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. యుద్ధం అయ్యాక అంత పెద్ద భవనాన్ని నడపడం ప్రభుత్వానికి భారమైంది. 1958లో మూతపడింది. 1963లో కొంతభాగం తగలబడింది. 1966లో కూల్చేశారు. వెనకవైపున్న మానసిక రోగుల విభాగం మాత్రం 1978 దాకా నడిచింది.

కూల్చేటప్పుడు పునాదిరాయిని తీసి, రాణి పెట్టిన రాగిపెట్టెను బయటికి తీశారు. అందులోని విక్టోరియా క్రాస్ ఇప్పుడు సైనిక వైద్య మ్యూజియంలో ఉంది. చాపెల్‌కు మరమ్మతులు చేసి 2018లో ప్రదర్శనశాలగా తెరిచారు. వెనక అడవిలో శ్మశానం ఉంది. అందులో బ్రిటిష్ సైనికులతోపాటు బెల్జియన్లు, చివరికి శత్రువులైన జర్మన్ల సమాధులు కూడా ఉన్నాయి. ఫిలిప్ హోర్ అనే రచయిత, ఆయన సౌతాంప్టన్ వాడే, ఈ ఆసుపత్రి జ్ఞాపకాల మీద 2001లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. అంటే భవనం పోయినా నెట్లీని అందరూ మరిచిపోలేదు. ఒక రకంగా అది అదృష్టం చేసుకున్న ఆసుపత్రే.

కాని నేను అడిగే ప్రశ్న వేరు. ఈ జ్ఞాపకాల్లో స్త్రీలు ఎక్కడున్నారు?

రాణి ఉంది. ఆమె పక్కనే ఉన్న వైట్ ద్వీపంలోని తన భవనం నుంచి తరచూ వచ్చి సైనికుల్ని పలకరించేదని, తన చేత్తో శాలువలు అల్లి ఇచ్చేదని చెబుతారు. నైటింగేల్ ఉంది. వీళ్ళిద్దరి తర్వాత ఆ ఊరి జ్ఞాపకంలో అందరికంటే ఎక్కువగా వినిపించే స్త్రీ ఎవరో తెలుసా? ఒక దెయ్యం.

నిజమే చెబుతున్నాను. బూడిదరంగు దుస్తుల్లో ఒక నర్సు ఆ వరండాల్లో తిరిగేదని, కూల్చేటప్పుడు పనివాళ్ళకు కూడా కనిపించిందని కథ. ఎందుకు దెయ్యమైంది? ఒక కథలో ఆమె పొరపాటున రోగికి మందు ఎక్కువ మోతాదులో ఇచ్చి, అతను చనిపోతే తట్టుకోలేక గోపురం మీదినుంచి దూకింది. ఇంకో కథలో తాను ప్రేమించిన సైనికుడు మరొక నర్సుతో ఉండగా చూసి, అసూయతో మందు ఎక్కువ ఇచ్చి చంపి, తర్వాత తాను చచ్చిపోయింది. కథ ఎలా తిరిగినా రెండు సంగతులు మారవు. తప్పు చేసింది నర్సే. ఆమెకు పేరు లేదు.

వందేళ్ళపాటు ఆ వార్డుల్లో రాత్రిళ్ళు మేలుకున్న వందలమంది స్త్రీల శ్రమ అంతా జనం నోట్లో చివరికి ఒక పాపిష్టి నర్సు దెయ్యంగా మిగిలింది. దీన్ని వినోదంగా తీసుకుని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. మన ఊళ్ళలో కూడా చూడండి. పాత ఆసుపత్రి అనగానే కాన్పులో చనిపోయిన మనిషి దెయ్యమై తిరుగుతోందంటారు. ఆమె ఎందుకు చనిపోయింది, రక్తం ఎందుకు దొరకలేదు, ఆ రాత్రి డ్యూటీ డాక్టరు ఎక్కడున్నాడు అని మాత్రం ఎవరూ అడగరు. సమాజం జవాబు చెప్పడం ఇష్టంలేని ప్రశ్నల్ని దెయ్యాలుగా మార్చి చెట్టుకు కట్టేస్తుంది.

పేర్లున్న వాళ్ళు, పేర్లు లేని వాళ్ళు

నెట్లీలో నర్సుల చరిత్ర దొరకదని కాదు. వెతికితే దొరుకుతుంది. సైనిక ఆసుపత్రుల్లోకి శిక్షణ పొందిన స్త్రీలను రానివ్వడానికి వైద్యాధికారులు సుముఖంగా లేరు. రోగుల్ని చూసుకోవడానికి మగ ఆర్డర్లీలు ఉండేవారు. స్త్రీలొస్తే క్రమశిక్షణ చెడుతుందనేవారు. 1869లో జేన్ డీబుల్ అనే ఆమె సూపరింటెండెంటుగా, తనతోపాటు ఆరుగురు నర్సులతో నెట్లీలో చేరింది. ఆమె సైనిక వైద్యుడి భార్య. భర్త చనిపోయాక నర్సు శిక్షణ పొందింది. వెయ్యి పడకల ఆసుపత్రికి ఏడుగురు స్త్రీలు! పదేళ్ళ తర్వాత జూలూ యుద్ధానికి కూడా నర్సుల్ని తీసుకుని ఆమె దక్షిణాఫ్రికా వెళ్ళింది. డీబుల్ పేరు మనకు తెలుసు. ఆ ఆరుగురి పేర్లు చాపెల్ చూడ్డానికి వచ్చేవాళ్ళలో ఎందరికి తెలుసు? ఇక బట్టలు ఉతికినవాళ్ళు, నేల తుడిచినవాళ్ళు, వంటగదిలో పనిచేసినవాళ్ళు పేర్లదాకా కూడా రారు. ఆ రోజుల్లో సైన్యంలో బట్టలు ఉతికే పని మామూలు సైనికుల భార్యలదే. నెత్తురు, చీము అంటిన బట్టలు ఉతకడాన్ని వైద్యంలో భాగంగా ఎవరూ లెక్కించలేదు.

పునాదిరాయి కింద దొరికిన ఆ విక్టోరియా క్రాస్ సంగతి కూడా చెప్పుకోవాలి. శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి ఇచ్చే పతకం అది. 1869లో పెషావర్‌లో కలరా వచ్చి ఒక సైనికదళం కకావికలైనప్పుడు ఎలిజబెత్ వెబర్ హారిస్ అనే స్త్రీ నెలల తరబడి సైనికులకు సేవ చేసింది. ఆ దళం అధికారులు ఆమెకు విక్టోరియా క్రాస్ ఇవ్వాలనుకున్నారు. స్త్రీలకు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. అందుకని రాణి అనుమతితో బంగారంతో దానికి ఒక నకలు చేయించి ఇచ్చారు. అసలుది కంచు, నకలు బంగారం. అయినా విలువ కంచుకే. తర్వాత నిబంధనలు మారాయి గాని, ఈనాటివరకు ఒక్క స్త్రీకి కూడా ఆ పతకం రాలేదు. కలరా వార్డులో మలమూత్రాలు ఎత్తడం శౌర్యం కిందికి రాదు కదా!

మరో వస్తువు ఉంది. అది ఒక సినిమా. 1917లో నెట్లీలోని మానసిక విభాగంలో బాంబుల దెబ్బకు మతి చలించిన సైనికుల్ని ఆర్థర్ హర్స్ట్ అనే డాక్టరు చిత్రీకరించాడు. చేతులూ కాళ్ళూ వణికిపోతూ, నడవలేక, మాట పడిపోయి ఉన్న కుర్రవాళ్ళు. అది ఇప్పటికీ ఉంది, చూడవచ్చు. ఈ లక్షణాలే అంతకుముందు స్త్రీలలో కనిపించినప్పుడు డాక్టర్లు హిస్టీరియా అన్నారు. గ్రీకులో గర్భసంచి అన్న మాటనుంచి వచ్చిన పేరది. గర్భసంచి ఉన్నందుకే ఆడవాళ్ళకు పిచ్చి వస్తుందని నమ్మారు. గర్భసంచి లేని వేలాదిమంది మగవాళ్ళకు అదే జబ్బు వచ్చేసరికి దానికి షెల్‌షాక్ అని కొత్త పేరు పెట్టవలసివచ్చింది. మనసు దెబ్బతినడానికి కారణం ఒంట్లో కాదు, బతుకులో వెతకాలని వైద్యం అప్పుడు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. దేవుడు పూనిందనో, నాటకమాడుతోందనో కొట్టిపారేసిన మన ఊరి కోడళ్ళ విషయంలో ఆ మాట ఒప్పుకోవడానికి ఇంకా ఎంతకాలం పడుతుందో!

గోడ అవతల జరిగింది

నెట్లీ పార్కులో ఎక్కడా కనిపించనిది, కాని ఆ ఆసుపత్రి కథనుంచి విడదీయడానికి వీల్లేనిది ఇంకొకటి ఉంది. నెట్లీ తెరిచిన మరుసటి ఏడాది, 1864లో, బ్రిటిష్ పార్లమెంటు సాంక్రమిక వ్యాధుల చట్టం చేసింది. సైనికుల్లో సుఖవ్యాధులు పెరిగిపోతున్నాయని దీని సాకు. సైనిక స్థావరాలున్న ఊళ్ళలో వేశ్య అని పోలీసుకు అనుమానం వచ్చిన ఏ స్త్రీనైనా బలవంతంగా అంతరాంగ పరీక్ష చేయించవచ్చు. ఒప్పుకోకపోతే జైలు. జబ్బుందని తేలితే లాక్ హాస్పిటల్ అనే చోట నెలల తరబడి నిర్బంధం. 1866, 1869లలో చట్టాన్ని ఇంకా కఠినం చేశారు. నెట్లీ పక్కనున్న సౌతాంప్టన్‌ను కూడా అందులో చేర్చారు. సైనికులకు మాత్రం అలాంటి పరీక్షలు లేవు. వాళ్ళు రోగులు, ఈ స్త్రీలు రోగం!

జోసెఫిన్ బట్లర్ నాయకత్వంలో స్త్రీలు 1869లో ఒక సంఘం పెట్టుకుని దీనిమీద పోరాడారు. ఈ చట్టాలను ఖండిస్తూ వెలువడిన ప్రకటన మీద నైటింగేల్ కూడా సంతకం పెట్టింది. పదిహేడేళ్ళు పోరాడితే 1886లో చట్టాలు రద్దయ్యాయి. ఉద్యమం కూడా రాణి పేరు పెట్టిన ఆసుపత్రంత పెద్దదే. కాని దానికి గోపురం లేదు కనక పార్కుకు వచ్చినవాళ్ళకు కనిపించదు.

మన దేశంలో 1864 కంటోన్మెంటు చట్టం, 1868లో సాంక్రమిక వ్యాధుల చట్టం వచ్చాయి. సికింద్రాబాద్‌తో సహా అనేక కంటోన్మెంట్లలో లాక్ హాస్పిటళ్ళు నడిచాయి. అక్కడ మన స్త్రీలను వరసగా నిలబెట్టి పరీక్షలు చేశారు. ఇంగ్లండులో చట్టం పోయాక కూడా కంటోన్మెంటు నిబంధనల పేరుతో ఇక్కడ అది కొనసాగింది. 1890ల మొదట్లో ఎలిజబెత్ ఆండ్రూ, కాథరిన్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికన్ స్త్రీలు ఉత్తర భారతంలోని కంటోన్మెంట్లు తిరిగి సాక్ష్యాలు సేకరించి బయటపెట్టారు.

సికింద్రాబాద్‌కూ నెట్లీకీ ఇంకో సంబంధం కూడా ఉంది. భారత వైద్య సర్వీసులో చేరే డాక్టర్లకు ఆ రోజుల్లో శిక్షణ నెట్లీలోని సైనిక వైద్య పాఠశాలలోనే. 1881లో రోనాల్డ్ రాస్ అక్కడ చదువుకునే ఇక్కడికి వచ్చాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, ఆయన పేరుతోనే ఉంది. మంచిదే. కాని ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున తీసుకుని దోమలచేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఎందరికి గుర్తున్నాడు? అదే సికింద్రాబాద్‌లో లాక్ హాస్పిటల్ మంచాలమీద తమ ఒంటిని బలవంతంగా అప్పగించిన స్త్రీలు ఎవరికి గుర్తున్నారు? పేదవాడి రక్తానికి అణా అయినా ఇచ్చారు, పేరైనా మిగిలింది. పేద స్త్రీకి అదీ లేదు.

మన ఊళ్ళో కూలిన గోడ

ఇప్పుడు మొదట్లో దాటేసిన ప్రశ్న దగ్గరికి వస్తాను. ఇదంతా మనకెందుకు?

కొన్నేళ్ళ కింద ఒక పట్నంలో ప్రభుత్వ ఆసుపత్రి పాత కాన్పుల వార్డును కూల్చారు. ఊరి పేరు చెప్పను. అక్కడ పనిచేసిన ఆయమ్మల దగ్గరికి నేను పరిశోధన పనిమీద వెళ్ళాను. వాళ్ళలో ఒకావిడ పంతొమ్మిదేళ్ళు దినకూలిగా పనిచేసింది. మొదటిరోజు నన్ను కూర్చోబెట్టి, ట్రంకుపెట్టెలోంచి ఒక ఎనామిల్ బేసిన్ తీసి చూపించింది. అంచులు పెచ్చులూడిపోయి ఉన్నాయి. వార్డు కూల్చేరోజున చెత్తలో పడేస్తే తెచ్చుకుందట.

"రిజిస్టర్లో డాక్టరమ్మ పేరుంటది, నర్సమ్మ పేరుంటది మేడమ్. అర్ధరాత్రి బిడ్డని పట్టుకుంది నేను, మాయ ఎత్తి పారబోసింది నేను. నా పేరు ఏ కాయితంలోనూ లేదు. ఈ బేసినుకి తెలుసు" అంది.

ఆ మాట విని నేను చాలా కదిలిపోయాను. రాసుకున్నాను. మరుసటి నెలలో మళ్ళీ వెళ్తే ఆమె అసలు సంగతి చెప్పింది. ఆమెతోపాటు మరో ఆరుగురు స్త్రీలు తమ సర్వీసును గుర్తించమని, రావలసిన డబ్బు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నారు. పనిచేసినట్టు రుజువు తెమ్మన్నారు. రుజువు హాజరు పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు పాత వార్డు స్టోర్ రూములో ఉండేవి. వార్డు కూల్చేటప్పుడు బీరువాలతోపాటు వాటిని కూడా పాత కాగితాలవాడికి తూకానికి అమ్మేశారు. కాన్పుల రిజిస్టర్లదీ అదే గతి. పంతొమ్మిదేళ్ళ శ్రమ కిలోల లెక్కన పోయింది.

అప్పుడు నాకు సిగ్గు వేసింది. నేను ఆమె బేసిన్ చూసి జ్ఞాపకం అనుకున్నాను. ఆమె దాన్ని సాక్ష్యం అనుకుంది. సామాజిక శాస్త్రంలో డాక్టరేటు ఉన్న నాకంటే చదువురాని ఆమెకే వస్తువు విలువ బాగా తెలుసు.

తర్వాత మేము చేసిన పని చిన్నది. ఆ ఏడుగురి జ్ఞాపకాలు ఒకరివి ఒకరు వినకుండా విడివిడిగా రికార్డు చేశాం. ఏ ఏడాది ఏ డ్యూటీ, ఎవరు మేట్రను, ఏ మంచం ఎక్కడుండేది, వరదొచ్చిన ఏడాది రోగుల్ని ఎటు మార్చారు అన్నీ అడిగాం. ఒకరి మాట ఇంకొకరి మాటతో సరిపోయింది. రిటైరైన ఇద్దరు నర్సులు వాళ్ళను గుర్తుపట్టి సంతకాలు పెట్టారు. ఆ వార్డులో పురుడు పోసుకున్న కొందరు తల్లులు కూడా పెట్టారు. ఒక ఆయమ్మ ఇంట్లో ఎప్పుడో గ్రూపుగా తీయించుకున్న ఫోటో దొరికింది. వెనక తారీకు ఉంది. వీటన్నిటినీ అర్జీకి జతచేశాం. ముగ్గురి సర్వీసు ఒప్పుకున్నారు. మిగిలిన నలుగురిది ఇంకా తేలలేదు. బేసిన్ తెచ్చుకున్నావిడ ఆ నలుగురిలో ఉంది. దీన్ని విజయమని చెప్పుకోలేను. అయితే జ్ఞాపకం అంటే వట్టి తలపోత కాదని, హక్కుల పోరాటంలో అదొక దస్తావేజు అని మాత్రం అక్కడ నేర్చుకున్నాను.

మనం చేయవలసింది

మన రాష్ట్రాల్లో ఇప్పుడు పాత ఆసుపత్రులు చాలా చోట్ల కూలుతున్నాయి, లేదా మారుతున్నాయి. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రినే తీసుకోండి. 2015లో ఆ పాత భవనాన్ని కూల్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు పెద్ద చర్చ జరిగింది. 2020 జులైలో వర్షం నీళ్ళు వార్డుల్లోకి వచ్చాక పాత భవనాన్ని ఖాళీ చేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 1908 మూసీ వరదల్లో నూటయాభై మందికి పైగా కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకునే చింతచెట్టు ఆ ఆవరణలోనే ఉంది. ఆ భవనం గుమ్మటాల గురించి మాట్లాడేవాళ్ళున్నారు, మాట్లాడాలి కూడా. కాని అక్కడ పనిచేసిన నర్సులు, ఆయాలు, సఫాయి కార్మికుల జ్ఞాపకాల గురించి మాట్లాడేవాళ్ళు ఎవరు?

నా మాటల్ని పాత భవనాలన్నిటినీ అలాగే ఉంచమన్నట్టుగా తీసుకోవద్దు. పైకప్పు పెచ్చులు బాలింత మీద పడుతుంటే అది వారసత్వం అనడం క్రూరత్వం. నైటింగేల్ అడిగింది కూడా అదే, గోడ అందం కాదు, రోగికి గాలి కావాలని. మంచి ఆసుపత్రి కట్టడం కోసం పాతదాన్ని కూల్చవలసివస్తే కూల్చవచ్చు. కూల్చేముందు అందులో ఏముందో లెక్క చూడమనే నేనంటున్నాను.

అందుకని కొన్ని సూచనలు చేస్తున్నాను. మీ ప్రాంతంలో ఏ ఆసుపత్రి భవనం కూల్చబోతున్నా, మార్చబోతున్నా ముందుగా రిజిస్టర్లు ఎక్కడికి పోతున్నాయో రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది, వాడుకోండి. కాంట్రాక్టు, దినకూలి స్త్రీల హాజరు పుస్తకాల నకళ్ళు ముందే తీయించండి. రిటైరైన నర్సుల్ని, ఆయమ్మల్ని, దోభీల్ని, పంచనామా గది దగ్గర పనిచేసినవాళ్ళను కలిసి వాళ్ళ మాటలు వాళ్ళ భాషలోనే రికార్డు చేయండి. ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు చేసింది ఇదే.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. రోగుల రిజిస్టర్లలో స్త్రీల రహస్యాలుంటాయి. గర్భస్రావాలు, సుఖవ్యాధులు, పెళ్ళికాకుండా కన్న బిడ్డలు. లాక్ హాస్పిటల్ స్త్రీలను వాళ్ళ అనుమతి లేకుండా పరీక్షించిన ప్రభుత్వానికీ, చరిత్ర పేరుతో వాళ్ళ వివరాలు బయటపెట్టే పరిశోధకులకూ తేడా ఉండాలి కదా. పనిచేసినవాళ్ళ పేర్లు వెలుగులోకి రావాలి. రోగుల పేర్లు వాళ్ళిష్టం లేకుండా రాకూడదు. ఈ రెంటినీ కలిపెయ్యకండి.

నెట్లీ చాపెల్‌లోంచి బయటికి వచ్చాక నేను చాలాసేపు ఆ పచ్చికమీద కూర్చున్నాను. రాణి పెట్టిన పెట్టె నూటపదేళ్ళు భూమిలో భద్రంగా ఉంది. ఎవరేం పెట్టారో రాసి ఉంది, తీసి మ్యూజియంలో పెట్టారు. మన ఆయమ్మ ట్రంకుపెట్టెలో బేసిన్ కూడా అలాంటిదే. తేడా ఏమిటంటే దాన్ని మ్యూజియంలో పెట్టమని ఆమె అడగడం లేదు. పంతొమ్మిదేళ్ళ జీతభత్యాల లెక్క తేల్చమని అడుగుతోంది. వచ్చే నెల ఆమె అర్జీ మళ్ళీ విచారణకు వస్తోంది. మీలో వీలైనవాళ్ళు రండి. బేసిన్ తెస్తానంది.